పొదిగిన పుంజు

చరిత్రకారులు పెద్ద పెద్ద తారీఖులు రాసుకుంటారు. ఏ రాజు ఏ కోటని ఎప్పుడు పట్టుకున్నాడో, ఏ సంధి మీద ఎవరెవరు సంతకాలు చేశారో, ఆ సిరా ఆరకముందే ఎవరు మాట తప్పారో అన్నీ వాళ్ల పుస్తకాల్లో ఉంటాయి. జాగొర్యే కొండల్లో ఏటా ఏప్రిల్ రెండో శుక్రవారం పొద్దున ఏడున్నరకి యాల్జా కుహ్తా అనే ఆవిడ మొక్కజొన్న రొట్టెముక్క మీద చెంచాడు ప్లమ్ సారా పోసేదన్న సంగతి మాత్రం ఒక్క పుస్తకంలోనూ లేదు. అలా పోస్తూ ఆమె నలభై ఒక్క ఏళ్లు గడిపింది. ఆలోగా ఒక దేశం పోయి ఇంకో దేశం వచ్చింది, నోట్ల మీద బొమ్మలు మూడుసార్లు మారాయి. చెంచా మారలేదు. అది యాల్జా తల్లి పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెంచా, కొన కాస్త వంకర.

ఆ రొట్టెముక్క టర్కీ పెట్ట కోసం. కొన్ని పెట్టలు గుడ్లు పెట్టడం అవగానే బుద్ధిగా పొదుగుకు కూర్చుంటాయి. కొన్ని కూర్చోవు. గుడ్లు ఎవరివో అన్నట్టు పెరట్లో షికార్లు చేస్తాయి. అలాంటివాటికి నచ్చజెప్పడమే యాల్జా విద్య. పెట్టని ఒళ్లో పెట్టుకుని, ముక్కు తెరిచి, నానిన రొట్టెని మెల్లగా లోపలికి తోసేది. తల వాలగానే పెద్ద అల్లిక బుట్టలో గుడ్ల మీద కూర్చోబెట్టి, మూత వేసి, మూత మీద ఇటుక పెట్టి, నేలమాళిగలో చీకటి మూలకి చేర్చేది. రెండు రోజులు. మత్తు దిగాక పెట్ట కిందికి చూసుకుంటుంది. గుడ్లు కనబడతాయి. అసలు ఏం జరిగిందో గుర్తుండదు. బాధ్యత గల ప్రాణి కనక, నావే కాబోలు అనుకుని ఇరవై ఎనిమిది రోజులూ కదలకుండా కూర్చుంటుంది. ఇదీ యాల్జా సిద్ధాంతం. ఈ గుణం మగజాతిలో లేదని కూడా ఆమె సిద్ధాంతం. రెంటినీ ఒకే గొంతుతో చెప్పేది.

చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు మొండికేసిన పెట్టల్ని చంకన పెట్టుకుని ఆమె ఇంటికి నడిచి వచ్చేవాళ్లు. ఆమె పెట్టని ఎత్తి పట్టుకుని, కళ్లలోకి చూసి, "ఇది చెంచాన్నర" అనేది. చెంచాన్నరే సరిపోయేది. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు కాలర్లు కుట్టిన చెయ్యి అది. ఒక్క కాలరూ వెనక్కి రాలేదు. అనుమానం అనేది ఆమెకి ఒంట పట్టని జబ్బు.

ఒంట పట్టిన జబ్బు ఒకటుంది. పదిహేనేళ్ల కిందట వచ్చిన ఫ్లూ జ్వరం పోతూ పోతూ ఆమె ముక్కుని పట్టుకుపోయింది. పాలు పొంగి పొయ్యి మీద మాడుతున్నా ఆమెకి తెలిసేది కాదు. ఎవరైనా జాలిపడితే, "రోజూ టర్కీల కొట్టు కడిగేదానికి ఇంతకంటే వరం ఏముంటుంది?" అని వాళ్ల నోరు మూయించేది.

ఆమె భర్త ఇంబ్రో. ఇరవై ఏడేళ్లు పోస్ట్‌మాన్‌గా కొండలెక్కి దిగినవాడు. ఉత్తరం తెచ్చినవాడికి గుమ్మంలోనే ఒక చిన్న గ్లాసు సారా ఇవ్వడం అక్కడి మర్యాద. ఇంబ్రో ఆ ఇరవై ఏడేళ్లలో ఒక్క ఇంటినీ అవమానించలేదు. రిటైరై పన్నెండేళ్లయింది. ఇప్పుడు మాట తక్కువ మనిషి.

వాళ్లింట్లో సారా సీసాలకి ఒక క్రమం ఉండేది. అలమరలో కింది అరలో మోకాళ్లకి రుద్దుకునేది. దాని పక్కన టర్కీలకీ, చర్చి ఫాదర్ గారికీ పోసేది. పై అరలో మంచి చుట్టాలకి. అన్నిటికన్నా పైన, తెల్ల గుడ్డ చుట్టి, మూతికి ఎర్ర లక్క వేసిన సీసా ఒకటి. అది యాల్జా చావు సీసా. తన శవపేటిక మోసే ఆరుగురూ, గొయ్యి తవ్వే ఇద్దరూ తాగడానికి ఆమె స్వయంగా కాచి, స్వయంగా లక్క వేసి పెట్టుకున్నది. ఆ ఊళ్లో బుద్ధున్న ప్రతి ఆడమనిషికీ అలాంటిది ఒకటి ఉంటుంది. మనిషి పోకముందు దాన్ని తెరవరు. పోయాక ఎవరెలాంటి సారా పోశారో ఊరు ఏళ్ల తరబడి చెప్పుకుంటుంది.

ఇక ఆమె టర్కీలు. కంచు రంగు, ఎండ పడితే ఆకుపచ్చా ఎరుపూ మెరిసే ఈకలు. యాల్జా తొమ్మిదో ఏట తల్లి ఆమె చేతిలో ఒక పిల్లని పెట్టి, "ఇది చస్తే నీదే పాపం" అంది. అప్పట్నుంచీ ఆ వంశం తెగలేదు. ఊళ్లో మిగతా అందరూ తొందరగా బరువెక్కే తెల్లవాటికి మారిపోయారు. ఈ కథ జరిగిన ఏడాది యాల్జా దగ్గర కంచువి మూడే ఉన్నాయి. రెండు పెట్టలు, ఒక పుంజు. పుంజు పేరు గ్రోఫ్, అంటే జమీందారు. ఏడు కిలోల బరువు, ఏడు కిలోలకి మించిన గర్వం.

ఏప్రిల్ రెండో శుక్రవారానికి మూడు రోజుల ముందు నక్క పడింది. పొద్దున్నే యాల్జా కొట్టు తలుపు తెరిచేసరికి రెండు పెట్టలూ లేవు. కంచె దాకా ఈకలు పరుచుకుని ఉన్నాయి. గ్రోఫ్ దూలం మీద క్షేమంగా ఉన్నాడు. రాత్రంతా అక్కణ్నుంచే అంతా చూసినట్టున్నాడు.

యాల్జా ఏడవలేదు. ఈకలు ఊడ్చి, వంటింట్లోకి వెళ్లి, తవుడు పోసిన బుట్టలో దాచిన గుడ్లు లెక్కపెట్టింది. పద్నాలుగు. మొదటి గుడ్డు పెట్టి అప్పటికి ఎనిమిది రోజులు. పది దాటితే అవి ఆమ్లెట్టుకి తప్ప దేనికీ పనికిరావు. ఆ పద్నాలుగూ పొదగకపోతే అమ్మ ఇచ్చిన వంశం ఆ బుట్టలోనే ఆఖరు.

దిగువనున్న స్లావెక్ వచ్చాడు. మూడొందల తెల్ల టర్కీల ఆసామి. బీరువా అంత పొదిగే మిషనుంది అతనికి.

"రెండూ పోయాయంటగా వదినా?"

"నక్క నీకు కూడా చెప్పిందా?"

"అయ్యయ్యో. నా మిషన్లో పెడదామంటే నిండుగా ఉందే. మధ్యలో తలుపు తీస్తే నా కొంప మునుగుద్ది. ఒక్క రెండు వారాలాగు, నీవి కూడా ఓ మూల సర్దుతా."

"రెండు వారాలాగితే అవి గుడ్లు కావు స్లావెక్, గులకరాళ్లు."

"పోనీ నా తెల్లపిల్లలు ఓ పది పట్టుకెళ్లు. ఊరికే ఇస్తా. ఐదు నెలల్లో పద్నాలుగు కిలోలు తూగుతాయి."

"అవి టర్కీలా? నడవలేవు, చెట్టెక్కలేవు. అరవమంటే నీ మొహం చూస్తాయి. కాళ్లు మొలిచిన దిళ్లు!"

స్లావెక్ నవ్వాడు గానీ, ఆమె గుడ్ల బుట్ట వైపు చూసి నవ్వు ఆపేసుకున్నాడు.

యాల్జా శాలువా కప్పుకుని తోంచ్కా ఇంటికి వెళ్లింది. తోంచ్కా యాల్జా కూతురికి జ్ఞానస్నానం నాటి జ్ఞానతల్లి. ఆ చుట్టరికం వాళ్లు ఒకళ్లనొకళ్లు "కూమా" అని పిలుచుకుంటారు.

"కూమా, నీ నాటుకోడి కావాలి."

"అది బాతుగుడ్ల మీద కూర్చుని వారమైంది కూమా. ఇప్పుడు లేపితే నా కళ్లు పొడుస్తుంది."

"ఇంకెవరి దగ్గరైనా?"

"ఎవరి దగ్గరుంది? అన్నీ బజారు కోళ్లాయె. గుడ్డు పెట్టడం తెలుసు, దాని మీద కూర్చోవాలని ఎవరూ చెప్పలేదు వాటికి."

తిరిగి వచ్చేసరికి పెరట్లో గ్రోఫ్ తోక విసనకర్రలా విప్పి, మెడ ఎర్రగా చేసుకుని, రేకు బకెట్టు చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు. భార్యలిద్దరూ పోయి ఒక పూట కాలేదు. యాల్జా గేటు మీద చెయ్యి వేసి చాలాసేపు అతన్ని చూసింది. నలభై ఒక్క ఏళ్ల సిద్ధాంతం ఆ గేటు దగ్గర సవరణకి గురైంది.

"వీడే కూర్చుంటాడు" అంది.

ఇంబ్రో కట్టెలు కొడుతున్నవాడల్లా ఆగాడు. "ఎవరు?"

"గ్రోఫ్."

"పుంజా? పుంజు ఎక్కడన్నా పొదుగుతుందే?"

"మా అమ్మ చిన్నప్పుడు వాళ్ల మేనత్త కూర్చోబెట్టిందట. ఒకసారి అయిందంటే రెండోసారీ అవుతుంది. మందు సరిగ్గా పడాలంతే. వీడికి చెంచాలూ చెంచాన్నరలూ ఆనవు. అమ్మని కాననే సంగతి కూడా మర్చిపోవాలి వీడు." ఆమె లోపలికి నడిచింది. ఇంబ్రోకి స్టూలు జరిపిన చప్పుడు వినబడింది. అలమర తలుపు చప్పుడు. తర్వాత పై అర చప్పుడు. గొడ్డలి వదిలేసి పరిగెత్తాడు.

యాల్జా స్టూలు మీద నిలబడి తెల్ల గుడ్డ విప్పుతోంది.

"అది నీ చావు సీసా!" అన్నాడు ఇంబ్రో. అతని మొహంలో రక్తం లేదు.

"తెలుసు. లక్క వేసింది నేనే."

"దాన్ని తెరవకూడదు యాల్జా. మంచిది కాదు."

"ఎవరికి మంచిది కాదు?"

"నీకే. అశుభం. కింది అరలోది తీసుకో. రెండు గ్లాసులు పొయ్యి. మూడు పొయ్యి. కావాలంటే నేను వెళ్లి స్లావెక్ దగ్గర ద్రాక్ష సారా పట్టుకొస్తా, అది గుర్రాన్నైనా పడగొడుతుంది."

యాల్జా స్టూలు మీంచే భర్తని చూసింది. ముప్ఫై తొమ్మిదేళ్ల కాపరంలో అతను తన మీద ఇంత బెంగ పెట్టుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. మనసు కొంచెం కరిగింది. సీసా మాత్రం వదల్లేదు.

"ఇంబ్రో, పిచ్చివాడా. ఇది పన్నెండేళ్లు ఊరిన సారా. ఇంతకంటే ఘాటు ఈ లోయలోనే లేదు. నేను పోయాక నన్ను మోసేవాళ్ల గొంతు తడపడం కన్నా ఇవాళ వీటి ప్రాణం నిలవడం ముఖ్యం. మోసేవాళ్లకి బీరు పొయ్యి."

"బీరా! ఊరేమంటుంది?"

"నేను వినను కదా."

కత్తితో లక్క గీకింది. మూత 'టప్' మంది. ఇంబ్రో కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డాడు. సీసాలో ఉన్నది తేటగా, కన్నీరులా ఉంది. మంచి సారా అలాగే ఉండాలి. యాల్జా గిన్నెలోకి ఒక పెద్ద గ్లాసుడు వంచి, గుప్పెడు రొట్టె నానేసింది. అమ్మ చెంచాతో కలిపింది.

గ్రోఫ్‌ని పట్టుకోవడానికి ఇద్దరూ కావలసి వచ్చింది. ఒక రెక్క ఇంబ్రో చెంప మీద అచ్చు పడేలా తగిలింది. తన శిక్ష మొదలైనట్టు ఓర్చుకున్నాడు. యాల్జా పుంజుని మోకాళ్ల మధ్య నొక్కి, రొట్టె మొత్తం పెట్టింది. గ్రోఫ్ గుటకలు వేశాడు, కళ్లు తేలేశాడు, మెడ అటూ ఇటూ ఊపాడు.

"చూడు, చూడు. ఎక్కేసింది."

"ఎక్కినట్టే ఉంది" అన్నాడు ఇంబ్రో నేల చూస్తూ.

బుట్టలో గుడ్లు పరిచి, పైన గ్రోఫ్‌ని దించి, మూత వేసి, ఈసారి రెండు ఇటుకలు పెట్టింది. మొదటి రోజు బుట్టలోంచి తిట్లు వినబడ్డాయి. రెండో రోజు గొణుగుడు. మూడో రోజు ఏమీ లేదు. నాలుగో రోజు పొద్దున యాల్జా దీపం పట్టుకుని మూత ఎత్తింది. గ్రోఫ్ రెక్కలు పరుచుకుని, పళ్లెంలా చదునుగా అణిగి ఉన్నాడు. ఆమె చెయ్యి పెట్టబోతే బుస్సుమని చేతిని పొడిచాడు. యాల్జా రక్తం కారే వేలిని ఇంబ్రోకి పతకంలా చూపించింది.

రెండు గుడ్లు అతని బరువుకి చితికాయి. మిగతావి పన్నెండు.

కబురు సాయంత్రానికి లోయ దాటింది. స్లావెక్ వచ్చి, మూత సందులోంచి చూసి, టోపీ తీశాడు.

"మగజాతి పరువు తీశావు కదా వదినా! రేపట్నుంచి మా ఆవిడ నన్ను కూడా బుట్టలో పెడుతుంది."

"నిన్ను పెడితే గుడ్లు మిగలవు."

"ఇదిగో, ఇవాళ కూర్చున్నాడు గానీ, వారం తిరక్కుండా లేచిపోతాడు చూడు. వీడు గనక పిల్లల్ని లేపితే, మా అత్తగారిని తోపుడుబండిలో కూర్చోబెట్టి చర్చి దాకా తోస్తా."

"కొండెక్కాలి మరి."

"ఎక్కుతా."

"ఆవిడ తొంభై కిలోలు."

"తొంభై ఆరు" అన్నాడు స్లావెక్ ధీమాగా.

వారం తిరిగింది. రోజూ మధ్యాహ్నం యాల్జా పుంజుని ఎత్తి, పెరట్లో దించి, గింజలూ నీళ్లూ పెట్టేది. గ్రోఫ్ ఆత్రంగా నాలుగు గింజలు మింగి, బకెట్టు వంక కూడా చూడకుండా నేలమాళిగ మెట్ల వైపు పరిగెత్తేవాడు. పదో రోజు ఆమె ఒక్కో గుడ్డునీ దీపం ముందు పట్టి చూసింది. పదకొండింటిలో సాలెగూడు లాంటి ఎర్రటి నరాలు కనబడ్డాయి. ఒకటి ఖాళీ. దాన్ని ఇంబ్రోకి వేయించి పెట్టింది.

పందొమ్మిదో రోజు మధ్యాహ్నం ఉరుము పట్టుకుంది. ఉరుముకి గుడ్లలో పిల్లలు చస్తాయని అక్కడ అందరికీ తెలుసు. ఇనుము పెడితే చావవనీ తెలుసు. యాల్జా గుప్పెడు గుర్రపు లాడం మేకులు పట్టుకుని వానలో పెరడు దాటింది. తోంచ్కా గొడుగు పట్టుకుని వెంట వచ్చింది. నేలమాళిగ కిటికీ పిడుగుల వెలుగుకి తెల్లబడుతోంది. ఇల్లు అదిరినప్పుడల్లా పక్కింటి కోళ్లు గగ్గోలు పెడుతున్నాయి. గ్రోఫ్ కళ్లు మూసుకుని, మెడ గుడ్ల మీదికి వంచి, రెక్కలు ఇంకాస్త పరిచాడు. యాల్జా మేకులు ఒక్కొక్కటే గడ్డిలో గుచ్చింది. ముప్ఫై ఏళ్లు కాలర్లు కుట్టిన ఆ చేతుల్లోంచి ఒక మేకు జారి కింద పడింది.

"భయమేసిందా కూమా?" అంది తోంచ్కా.

"వేళ్లు తడిగా ఉన్నాయి."

"తుడుచుకో మరి."

యాల్జా తుడుచుకుంది. ఉరుము దాటిపోయేదాకా ఇద్దరూ బంగాళదుంపల గుట్ట మీద కూర్చున్నారు.

ఇరవై ఎనిమిదో రోజు గ్రోఫ్ పొట్ట కింద సన్నగా ఈల వినబడింది. సాయంత్రానికి తొమ్మిది తడి ముద్దలు బయటపడ్డాయి. మిగతా రెండూ పగల్లేదు. గ్రోఫ్ ముందు తెల్లబోయి, తర్వాత మీద పడ్డ బాధ్యతని గుర్తించి, గొంతు తగ్గించి ఎన్నడూ ఎవరూ వినని ఒక చప్పుడు చేశాడు. పిల్లలు రెక్కల కిందికి దూరాయి.

అసలు పని అప్పుడు మొదలైంది. టర్కీ పిల్ల ఈ లోకంలోకి వచ్చేదే చావడానికి సాకు వెతుక్కుంటూ. మంచు తడిస్తే చస్తుంది, గాలి తగిలితే చస్తుంది, ముందు గింజలున్నా తినాలని తెలియక చస్తుంది. యాల్జా ఒక్కో పిల్లకీ ఒక్కో మిరియపు గింజ మింగించింది. ఉడికిన గుడ్డూ, తరిగిన దురదగొండి ఆకూ, విరిగిన పాలముద్దా కలిపి, వేలితో నేల మీద టకటకా కొడుతూ తినడం నేర్పింది. రెండో రోజు నుంచి గ్రోఫ్ కూడా ముక్కుతో అలాగే కొట్టడం మొదలెట్టాడు. మంచు ఆరేదాకా పిల్లల్ని గడప దాటనివ్వలేదు. మూడు వారాలు గడిచినా తొమ్మిదీ తొమ్మిదిగానే ఉన్నాయి. అందులో ఐదు పెట్టలని యాల్జా చూడగానే చెప్పేసింది. తర్వాత ఐదే అయ్యాయి.

స్లావెక్ మాట నిలబెట్టుకున్నాడు. జూన్ రెండో ఆదివారం చెమటలు కక్కుతూ అత్తగారిని చర్చి దాకా తోశాడు. ఆవిడకి ప్రయాణం ఎంతో నచ్చింది. ఇక మీదట ప్రతి ఆదివారం అలాగే వెళతానంది.

చర్చి నుంచి అందరూ యాల్జా ఇంటికి వచ్చారు. ఆమె జున్ను చుట్టలు వండింది. తిన్నాక లేచి, పై అరలోంచి సీసా తెచ్చి బల్ల మధ్య పెట్టింది. సగానికి పైగా ఉంది.

"యాల్జా, వద్దు" అన్నాడు ఇంబ్రో.

"ఎందుకొద్దు? ఎలాగూ తెరిచాం. నన్ను మోసేవాళ్లు వీళ్లే కదా, ముందే తాగుతారు." చిన్న గ్లాసులు నింపింది. నిలబడే మాట్లాడింది. "మా అమ్మ ఇచ్చిన వంశం ఇవాళ నిలబడిందంటే మూడు కారణాలు. ఒకటి గ్రోఫ్. రెండు నా చెయ్యి. మూడోది ఇది. పన్నెండేళ్లు ఊరింది. ఏడు కిలోల మగాణ్ని తల్లిని చేసింది. మెల్లగా తాగండి, అలవాటు లేనివాళ్లకి తల తిరుగుతుంది."

అందరూ గంభీరంగా గ్లాసులెత్తారు. స్లావెక్ గ్లాసు ముక్కు దగ్గర ఒక క్షణం ఆగింది. అతను తోంచ్కాని చూశాడు. తోంచ్కా ఇంబ్రోని చూసింది. ఇంబ్రో కప్పు దూలాన్ని చూశాడు. అందరూ తాగారు.

తోంచ్కా ఖాళీ గ్లాసులోకి తొంగి చూసింది.

"మెత్తగా ఉంది వదినా" అన్నాడు స్లావెక్ చివరికి.

"గొంతులో అసలు తగల్లేదు" అంది తోంచ్కా.

"నాకింకో గ్లాసు పొయ్యి. దాహంగా ఉంది" అంది స్లావెక్ అత్తగారు.

యాల్జా తన గ్లాసు నోట్లో పోసుకుంది. వాసన పోయినా, గొంతు మంట పోలేదు కదా. మంట కోసం ఎదురు చూసింది. ఇంకొంచెం చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టి భర్త వైపు తిరిగింది.

"ఎప్పుడు?"

ఇంబ్రో తలెత్తలేదు. "రిటైరైన మొదటి చలికాలం. ఎవరిళ్లకీ వెళ్లే పని లేదు కదా."

"లక్క?"

"పోస్టాఫీసుది. ఒక కడ్డీ మిగిలింది."

స్లావెక్ అత్తగారు రెండో గ్లాసు ఖాళీ చేసింది. యాల్జా కిటికీలోంచి పెరట్లోకి చూసింది. గ్రోఫ్ తొమ్మిది పిల్లల్నీ వెంటేసుకుని రేకు బకెట్టు పక్కనుంచి నడిచి పోతున్నాడు. ఒక పిల్ల వెనకబడితే ఆగాడు.

"సరే, రెండు కారణాలు" అంది యాల్జా.

మరుసటి ఏడు ఏప్రిల్ రెండో శుక్రవారం పొద్దున ఏడున్నరకి ఆమె రొట్టెముక్క మీద చెంచాడు బావినీళ్లు పోసింది. ఐదు పెట్టలూ కూర్చున్నాయి.